కాఫీ హోటలులో కాలక్షేపము

ఒక గ్లాసెడు కాఫీ త్రాగడానికి ఎంతసేపు పడుతుంది? నోరు కాలకుండా, రుచి చెడకుండా త్రాగేవారికి ఆరేడు నిమిషములు చాలును. అయితే భీమవరంలో ఏదో ఒక కాఫీ హోటలు గుమ్మమునకు ఎదురుగా ఒక ఉదయము నిలబడి చూచినట్లయితే ఈ లెక్క తప్పిపోతుంది. ఏడు గంటలకు కండువా సవరించుకొంటూ లోపలికి వెళ్ళిన పెద్దమనిషి ఎనిమిదిన్నరకు గాని వెలుపలికి రారు. ఆయన వెనుకనే వెళ్ళిన మరొకరు కాఫీని అటూ ఇటూ తిరగబోసి, మూడు గుక్కలలో ముగించి, డబ్బులు గల్లాపెట్టె దగ్గర ఇచ్చివేసి, మనము చూస్తూ ఉండగానే వీధి మలుపు తిరిగిపోతారు. ఇద్దరికీ ఒకే డికాక్షను, ఒకే పాలు, ఒకే వెల. అయినా ఒకరు కొనుక్కొన్నది కాఫీ. మరొకరు కొనుక్కొన్నది కుర్చీ.

ఈ తేడాకు కారణమేమి? కొందరికి కాఫీ హోటలులో కూర్చుండిపోవడము ఎందుకు అంత ప్రీతి? మరికొందరికి ఎందుకు అంత విముఖత? ఇది చిన్న ప్రశ్న వలె కనిపిస్తుంది. కాని కొంచెము లోతుకు వెళ్ళేసరికి కాఫీ సంగతి వెనుకబడి, మనుష్యుల సంగతి ముందుకు వస్తుంది.

ఈ విషయములో లోకము ఇచ్చే తీర్పులు మనకు తెలిసినవే. కూర్చున్నవారిని చూచి వెళ్ళిపోయేవారు, "పనీ పాటా లేనివాళ్ళు" అంటారు. వెళ్ళిపోయేవారిని చూచి కూర్చున్నవారు, "నిప్పు తొక్కినట్లు ఆ పరుగేమిటి" అని నవ్వుకొంటారు. ఒక పక్షము సోమరితనమనీ, మరొక పక్షము ముభావమనీ తేల్చివేయడముతో విచారణ ముగిసిపోతుంది. మాకు మాత్రము ఈ రెండూ తొందరపాటు తీర్పులనే తోస్తున్నది.

కాఫీ హోటలు రాకమునుపు మన గోదావరి సీమలో కూర్చుండి మాట్లాడుకొనే చోట్లు లేకపోలేదు. ఇంటి ముందరి వీధి అరుగు ఒకటి. ఊరి నడుమ చెట్టు క్రింది రచ్చబండ ఒకటి. కాలువ రేవు మరొకటి. అరుగు మీదకు వచ్చినవారిని "ఏమి పని మీద వచ్చినారు" అని వెంటనే అడగడము మర్యాద కాదు. ముందు మంచినీళ్ళు, తరువాత వానల సంగతి, చిట్టచివరకు వచ్చిన పని. ఈ మర్యాదలో పెరిగినవారికి కాఫీ హోటలులో కూర్చోవడము క్రొత్తగా నేర్చుకోవలసిన విద్య కాలేదు. అయితే అరుగునకు ఒక యజమాని ఉన్నాడు. ఆ యజమానితో మాటలు లేనివారు, ఆయనకు సరిపడనివారు ఆ అరుగు ఎక్కలేరు. రచ్చబండ దగ్గర ఎవరు పైన కూర్చోవలెనో, ఎవరు క్రింద నిలబడవలెనో ఊరికి ముందే తెలుసు. కాఫీ హోటలు వచ్చి, ఒక చిన్న నాణెము ఇచ్చిన ఎవరికైనా, మరొకరి దయ అక్కరలేని చోటు ఇస్తానని చెప్పినది. ఆ మాటను అది ఎంతవరకు నిలబెట్టుకొన్నదో మనము కొంచెము తరువాత చూస్తాము.

కాఫీ మొదట మన నేల పంట కాదు. పదిహేడవ శతాబ్దములో బాబా బుడన్ అనే ఫకీరు యెమెన్ దేశము నుండి ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండలలో నాటినాడని ప్రతీతి. నేడు మన అరకులోయ గిరిజన రైతులు పండించే కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. అంతకు రెండేళ్ళు ముందే, 2017లో, అరకు పేరుతో పారిస్ నగరములో ఒక కాఫీ దుకాణము వెలసినది. కాని గింజ పండినంత మాత్రాన కూర్చునే అలవాటు పుట్టదు. కూర్చోబెట్టేవారు కావలెను. దక్షిణ దేశములో ఆ పనిని చాలావరకు ఉడిపి ప్రాంతము నుండి వచ్చినవారూ, తమిళ దేశపు అయ్యర్లూ చేసినారు. ఉడిపి హోటలు, అయ్యరు హోటలు అనే మాటలు మన పట్టణములలో ఇంటి మాటలైనవి.

ఇక భీమవరము సంగతి. ఇది నిరీక్షించేవారి పట్టణము అంటే తప్పు కాదు. సర్ ఆర్థరు కాటన్ పూనికతో 1847లో ఆరంభమై 1852లో పూర్తి అయిన ధవళేశ్వరము ఆనకట్ట డెల్టాకు కాలువలను ఇచ్చినది. కాలువలు వరిని, వరి మిల్లులను, మిల్లులు వర్తకమును, వర్తకము వ్యాజ్యములను ఇచ్చినవి. 1928లో గుడివాడ నుండి ఇక్కడికి రైలు వచ్చినది. నేడు దంతులూరి నారాయణరాజు గారి పేర నడుస్తున్న కళాశాల 1945లో ఏర్పడినది. 2022 ఏప్రిల్ నుండి భీమవరము పశ్చిమ గోదావరి జిల్లాకు ముఖ్య పట్టణము కూడా అయినది. చుట్టుప్రక్కల పల్లెలవారు ధాన్యము అమ్మడానికో, ఎరువులకో, కోర్టు వాయిదాకో, పిల్లవానిని చదువులో చేర్పించడానికో, గునుపూడి సోమేశ్వరుని దర్శనమునకో ఇక్కడికి రావలసినదే.

వచ్చినవారికి పని పది నిమిషములు. పనికి ముందు నిరీక్షణ రెండు గంటలు. వకీలు గారు ఇంకా రాలేదు. గుమాస్తా భోజనమునకు వెళ్ళినాడు. బండి గంట ఆలస్యము. ఆ రెండు గంటలను గౌరవముగా గడపడానికి మనిషికి ఒక బల్ల కావలెను. వీధిలో ఊరక నిలబడినవానిని ఎవరో ఒకరు "ఏమి కావాలండీ" అని అడుగుతారు. ఆ ప్రశ్నలో కొంత అనుమానము ఉంటుంది. అదే మనిషి కాఫీ గ్లాసు ముందు కూర్చున్నప్పుడు ఎవరూ అడగరు. అతడు అక్కడ ఎందుకు ఉన్నాడో ఆ గ్లాసే సమాధానము చెబుతుంది. ఈ కారణము చేతనే అనుభవశాలులు గ్లాసు అడుగున ఒక గుక్క మిగుల్చుకొంటారు. అది త్రాగడానికి కాదు, కూర్చోవడానికి.

దీనికి తోడు వరి రైతు సంవత్సరము ఒక తీరుగా నడుస్తుంది. తొలకరిలో నారుమళ్ళు, పిదప ఊడ్పులు. ఆ రోజులలో తలెత్తి చూచే తీరిక ఉండదు. ఊడ్పులు ముగిసి, కలుపు తీసిన తరువాత, నీరు చూచుకోవడము తప్ప పెద్ద పని లేని దినములు కొన్ని వస్తాయి. సార్వా కోతలు, వెంటనే దాళ్వా ఊడ్పులు, మళ్ళీ హడావిడి. దాళ్వా ధాన్యము ఇల్లు చేరి, వేసవిలో కాలువలు కట్టివేసిన తరువాత డెల్టా అంతా ఒకసారి ఊపిరి పీల్చుకొంటుంది. కాబట్టి ఊడ్పుల నాడు నిలబడి కాఫీ త్రాగిన రైతే కాలువలు కట్టిన నాడు రెండు గంటలు కూర్చుంటాడు. అతని స్వభావము మారలేదు, నెల మారినది. ఒక మనిషిని చూచి "ఈయన కూర్చునే రకము" అనడానికి ముందు పంచాంగము చూచుకోవడము మంచిది.

ఈ మాటకు నేటి భీమవరమే గట్టి నిదర్శనము. గత మూడు నాలుగు దశాబ్దములలో ఈ ప్రాంతపు వరి చేలు ఎన్నో చేపల చెరువులుగా, రొయ్యల చెరువులుగా మారినవి. 2009లో వన్నామీ రొయ్యకు అనుమతి వచ్చిన తరువాత ఈ మార్పు మరింత వేగము పుంజుకొన్నది. రొయ్య వరి వలె ఓపిక గలది కాదు. తెల్లవారుజామున చెరువు నీటిలో ప్రాణవాయువు మిక్కిలి తగ్గిపోతుంది. ఆ వేళ కరెంటు పోయి ఏరేటర్లు ఆగిపోయి, జనరేటరు వేయడము ఆలస్యమైనదా, నెలల కష్టము కొద్ది గంటలలో తుడిచిపెట్టుకొని పోతుంది. అందుచేత రొయ్యల రైతు చెవి ఎప్పుడూ ఫోను మీదనే ఉంటుంది. అతడు మోటారు సైకిలు దిగకుండానే గ్లాసు అందుకొంటాడు. ముప్పయి కౌంటు ఎంత పలుకుతున్నది, వంద కౌంటు ఎంత పలుకుతున్నది అని విచారిస్తాడు. కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో అదే కౌంటు. ఆ ధర చెవిని పడగానే బండి కదిలిపోతుంది. అతని తండ్రి ఇదే వీధిలో ఒక పూట అంతా కూర్చున్నవాడే కావచ్చు. కొడుకును చెరువు కూర్చోనివ్వదు.

రేడియోను ఇక్కడ మరచిపోరాదు. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ ఆకాశవాణి కేంద్రము ప్రసారములు ఆరంభించిన నాటికి రేడియో ఉన్న ఇండ్లు ఊరికి కొద్ది మాత్రమే. లేనివారికి హోటలు రేడియోయే దిక్కు. వార్తల వేళకు వచ్చి కూర్చున్నవారికి ఒక కాఫీ వెలకు వార్తలూ, వ్యాఖ్యానమూ రెండూ లభించేవి. వార్తలు రేడియోవి, వ్యాఖ్యానము ప్రక్క బల్లవారిది. నేడు వార్తలు ప్రతివారి జేబులోనూ ఉన్నవి. వ్యాఖ్యానమునకు మాత్రము ఇప్పటికీ ప్రక్క బల్ల కావలసియే ఉన్నది.

ఈ ప్రక్క బల్ల వ్యాఖ్యానమును చూచి జంకిన ప్రభువులు చరిత్రలో కొందరు ఉన్నారు. 1511లో మక్కా నగరములో అధికారి ఖాయిర్ బేగ్ కాఫీని నిషేధించినాడు. ఇంగ్లండులో రెండవ చార్లెస్ రాజు 1675 డిసెంబరులో, మరుసటి జనవరి 10వ తేదీ నుండి కాఫీ గృహములన్నీ మూసివేయవలెనని ప్రకటన చేసినాడు. వర్తకులు అక్కడ కూర్చుండి కాలము వృథా చేస్తున్నారనీ, ప్రభుత్వము మీద లేనిపోని మాటలు పుట్టిస్తున్నారనీ ఆయన అభియోగము. జనులలో లేచిన అలజడిని చూచి, గడువునకు రెండు దినములు ముందే ప్రకటనను వెనుకకు తీసుకొన్నాడు. కాలము వృథా అయినదని ఆయన అన్న ఆ లండను నగరములోనే, ఎడ్వర్డ్ లాయిడ్ అనే ఆయన నడిపిన కాఫీ గృహములో ఓడల యజమానులూ, నావికులూ, బీమా వ్యాపారులూ కూర్చుండి మాట్లాడుకొన్న మాటల నుండి లాయిడ్స్ అనే ప్రఖ్యాత బీమా విపణి పుట్టినది. భీమవరంలో ధాన్యము బేరములూ, పెండ్లి సంబంధములూ, చెరువుల కౌళ్ళూ కాఫీ బల్ల మీద ఎన్ని కుదిరినవో లెక్క వ్రాసినవారు లేరు గాని, వ్రాసినట్లయితే అది పెద్ద గ్రంథమే అయ్యేది.

అమెరికా దేశపు సామాజిక శాస్త్రజ్ఞుడు రే ఓల్డెన్‌బర్గ్ 1989లో వెలువరించిన ఒక గ్రంథములో ఇటువంటి తావులకు "మూడవ చోటు" అని పేరు పెట్టినాడు. ఇల్లు మొదటి చోటు. పని చేసే స్థలము రెండవది. ఈ రెండింటి బరువూ లేక, హోదాలు గుమ్మము బయట విడిచి కూర్చునేది మూడవది. ఇంటిలో మనిషి తండ్రి, లేక కొడుకు. కచేరీలో గుమాస్తా, లేక అధికారి. కాఫీ బల్ల దగ్గర ఆయన ఊరక ఒక మనిషి. రోజుకు ఒక గంట ఊరక మనిషిగా ఉండవలెనని కోరుకొనేవారు అక్కడ కూర్చుంటారు.

ఇదే మాటను త్రిప్పి చూస్తే కూర్చోనివారి మనస్సు కూడా మనకు తెలుస్తుంది. భీమవరము వంటి ఊరిలో హోటలులో కూర్చున్న మనిషి అందరికీ తెలిసినవాడే. "అబ్బాయికి ఉద్యోగమైనదా అండీ?" అని ఒకరు, "ఆ స్థలము అమ్మేసినారటగా?" అని మరొకరు అడుగుతారు. ఈ ప్రశ్నలు కొందరికి పన్నీటి జల్లు; మరికొందరికి ముళ్ళు. అందుచేత స్వగ్రామములో అయిదు నిమిషములు కూర్చోలేని మనిషి, తనను ఎరిగినవారు లేని నగరములో గంటల తరబడి కూర్చోవడము కూడా కద్దు. మదరాసులో 1962 నుండి 2008 వరకు చెట్ల నీడలలో నడచిన వుడ్‌లాండ్స్ డ్రైవిన్ హోటలులో ఒక కాఫీతో పూట గడిపినవారు అసంఖ్యాకులు. అక్కడ లభించినది పదిమంది నడుమ ఏకాంతము. భీమవరంలో లభించేది పదిమంది పరామర్శ. ఈ రెండింటిలో ఏది ఎవరికి హితమో వారే చెప్పగలరు.

శబ్దము సంగతి కూడా ఇటువంటిదే. 2012లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, సుమారు 70 డెసిబెల్‌ల స్థాయిలో ఉన్న సందడి, తక్కువ సందడి కంటె క్రొత్త ఆలోచనలకు మేలు చేసినదని తేలినది; అది 85 డెసిబెల్‌లకు పెరిగేసరికి ఆ మేలు పోయినది. గిన్నెల చప్పుడూ, "రెండు పెసరట్లు ఉప్మా" అనే కేకలూ ఏ స్థాయికి చెందుతాయో హోటలును బట్టి ఉంటుంది. ఇక శరీర ధర్మము ఒకటి ఉన్నది. కాఫీలోని కెఫీను ఒంటిలో సగము తగ్గడానికి సాధారణముగా అయిదు గంటలు పడుతుంది. కొందరికి ఇంకా ఎక్కువ. సాయంకాలము రెండవ కాఫీ చెప్పలేనివారు ఒట్టి గ్లాసు ముందు ఎంతసేపని కూర్చుంటారు? మరి కొందరు అంతఃకరణము మెత్తనివారు. గుమ్మములో నిలబడి ఖాళీ కొరకు చూస్తున్నవారి చూపు వీపున తగలగానే లేచిపోతారు. సర్వరు వచ్చి, "ఇంకేమైనా కావాలాండీ?" అని రెండవ మారు అడిగితే దాని అర్థము వారికి వెంటనే తెలుస్తుంది. కూర్చునేవారికి కూడా తెలుస్తుంది. వారు "ఆలోచించి చెప్తామయ్యా" అంటారు.

ఇంతవరకు చెప్పినది ఇష్టమున్నవారి సంగతి, ఇష్టము లేనివారి సంగతి. ఇటీవల ఒక సాయంకాలము మేము భీమవరంలో ఒక చిన్న హోటలులో కూర్చుండగా, ఈ లెక్కలో చేరని మూడవ మనిషి కనిపించినాడు. డెబ్బది ఏండ్లు పైబడిన వృద్ధుడు. తెల్లని చొక్కా, భుజమున తువ్వాలు. గుమ్మము ప్రక్కనే గోడకు చేరగిలబడి నిలబడి కాఫీ త్రాగుతున్నాడు. లోపల మూడు బల్లలు ఖాళీ. సర్వరు కుర్రవాడు, "లోపల కూర్చో తాతా, ఖాళీయేగా" అన్నాడు. "పర్లేదు బాబూ, నాకిక్కడే బాగుంటది" అన్నాడు ఆయన. మేము మా లెక్కలో ఆయనను "ఇష్టము లేనివారు" అనే వరుసలో వ్రాసుకొన్నాము.

వెళ్ళేటప్పుడు పలుకరించినాము. ఆయన నవ్వి, "మా నాన్నతో వచ్చేవాణ్ణండి చిన్నప్పుడు, మా ఊళ్ళో కాఫీ కొట్టుకి. మా గ్లాసు వేరేగా, బయట చూరులో పెట్టుండేదండి. తాగి, కడిగి, మళ్ళీ అక్కడే పెట్టేవాడు. ఇప్పుడు అట్టాంటిదేం లేదు లెండి. కానీ ఏవిటో, కాళ్ళు లోపలికి వెళ్ళవు" అన్నాడు. మేము వ్రాసుకొన్న వరుసను కొట్టివేయక తప్పలేదు.

1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము పదునేడవ అధికరణములో అస్పృశ్యతను రద్దు చేసినది. పదునైదవ అధికరణములో దుకాణములు, భోజనశాలలు, హోటళ్ళలోనికి కులమును బట్టి గాని, మతమును బట్టి గాని, స్త్రీ పురుష భేదమును బట్టి గాని ఎవరినీ అడ్డగించరాదని పేరు పెట్టి చెప్పినది. 1955 నాటి అస్పృశ్యతా నేరముల చట్టము ఇంకొక అడుగు ముందుకు వేసి, హోటలులోని పాత్రలను వాడుకోనివ్వకపోవడము కూడా నేరమని వ్రాసినది. ఒక దేశపు చట్టసభ కాఫీ గ్లాసును గురించి చట్టము చేయవలసి వచ్చినదంటే ఆ గ్లాసులో ఎంత చేదు ఉన్నదో గ్రహించవచ్చును. చట్టము వచ్చిన తరువాత కూడా రెండు గ్లాసుల పద్ధతి ఎన్నో పల్లెలలో చిరకాలము సాగినది. చూరులోని గ్లాసు పోవడానికి చట్టము, పోరాటము చాలినవి. కాళ్ళలోని సంకోచము పోవడానికి ఇంకా ఎంత కాలము పడుతుందో!

సముద్రముల ఆవల కూడా ఈ కథ నడచినది. 1960 ఫిబ్రవరి 1వ తేదీన అమెరికాలో గ్రీన్స్‌బరో పట్టణమున నలుగురు నల్లజాతి విద్యార్థులు ఒక అంగడిలోని ఫలహార బల్ల దగ్గర కూర్చుండి కాఫీ అడిగినారు. తెల్లవారికి గాని అక్కడ వడ్డించరు. కాఫీ రాలేదు. వారు లేవలేదు. అంగడి మూసేవరకు కూర్చుండి, మరునాడు మరికొందరితో మళ్ళీ వచ్చినారు. ఆ కూర్చోవడము అనేక పట్టణములకు ప్రాకినది. జులై 25వ తేదీన ఆ బల్ల దగ్గర అందరికీ వడ్డన ఆరంభమైనది. కాఫీ హోటలులో కూర్చోవడము సోమరిపని అనేవారు ఆ నలుగురిని ఒకసారి తలచుకోవలెను. వారు ఏ పనీ చేయలేదు, కూర్చున్నారు, అంతే. అంతకంటె కష్టమైన పని ఆనాడు ఆ పట్టణములో మరొకటి లేదు.

ఇక స్త్రీల సంగతి. "స్త్రీలకు ప్రత్యేక స్థలము కలదు" అనే బోర్డు మన హోటళ్ళలో చాలా కాలము వ్రేలాడినది. తెర వెనుక ఆ గదిలోనికి స్త్రీ భర్తతోనో, అన్నదమ్ములతోనో వచ్చి, ఫలహారము చేసి వెళ్ళేది. ఒంటరిగా వచ్చి ఒక కాఫీ చెప్పి, గంటసేపు వీధి చూస్తూ కూర్చోవడము ఊహకు అందని మాట. ఇంటిలో అందరికీ వేడివేడిగా కాఫీ కలిపి ఇచ్చిన ఇల్లాలు తన వంతు కాఫీని వంటింటిలో నిలబడి, చల్లారిన తరువాత త్రాగడము మనము ఎరుగనిది కాదు. "మా ఆవిడకు హోటళ్ళలో కూర్చోవడము ఇష్టముండదండీ" అని గృహస్థులు చెబుతూ ఉంటారు. ఆ ఇష్టమును గురించి ఆమెను ఎవరైనా అడిగినారా అనేది మా సందేహము. శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే అనే ముగ్గురు విదుషీమణులు బొంబాయి నగరమును పరిశీలించి 2011లో ఒక గ్రంథము వెలువరించినారు. వీధులలో, ఉద్యానములలో, టీ దుకాణముల దగ్గర ఏ పనీ లేకుండా ఊరక కాలము గడపడము స్త్రీలకు కూడా హక్కేనని వారి వాదము. పని ఉన్నందువలననే స్త్రీ బయటికి రావలెననే నియమములోనే అసలు బంధనము ఉన్నదని వారు చూపినారు.

భీమవరంలో 2001 నుండి స్త్రీలకు ప్రత్యేకముగా ఒక ఇంజనీరింగు కళాశాల నడుస్తున్నది. ఈనాడు సాయంకాలములందు ఊరిలోని క్రొత్త కాఫీ దుకాణములలో ఆడపిల్లలు పుస్తకములు ముందు పెట్టుకొని, నవ్వుకొంటూ గంటలు కూర్చుంటున్నారు. చూచి పెదవి విరిచే పెద్దలు ఉన్నారు. మాకు మాత్రము అది చూడ ముచ్చటగా ఉన్నది. వారి అమ్మమ్మలకు లేని ఒక కుర్చీ వారికి దొరికినది.

కుర్చీ వెల మాత్రము పెరిగినది. ఊరిలోని టిఫిను సెంటర్లలో చాలావాటిలో బల్లలే ఉన్నవి, కుర్చీలు లేవు. నిలబడి తిని, చేయి కడుక్కొని వెళ్ళవలసినదే. యజమానిని తప్పు పట్టలేము. అద్దె పెరిగినది, గ్యాసు వెల పెరిగినది. ఒక బల్ల మీద గంటకు ఎంతమంది మారినారనే దాని మీదనే అతని లాభము ఉన్నది. ఇక చల్లని గదిలో మెత్తని కుర్చీ వేసిన దుకాణములో కాఫీ వెల, వీధి కాఫీకి అనేక రెట్లు. పూర్వము కాఫీ కొన్నవారికి కుర్చీ కొసరుగా వచ్చేది. ఇప్పుడు కుర్చీ కొన్నవారికి కాఫీ కొసరు. రెండు గంటల నిరీక్షణ ఉన్న పల్లెటూరి రైతుకూ, కోర్టు వాయిదాకు వచ్చిన ముసలమ్మకూ ఆ వెల అందుబాటులో ఉండదు. వారు బస్సు స్టాండు సిమెంటు బల్ల మీద కూర్చుంటారు. దానిని కూడా మనము అభిరుచి అని పిలువరాదు.

చివరకు, మనము కూర్చున్నంతసేపూ నిలబడి ఉండే ఒక మనిషి ఉన్నాడు. అతడు సర్వరు. 1935లో కాఫీ సెస్సు చట్టము వచ్చినది. దాని క్రింద ఏర్పడిన సంఘము దేశములో కాఫీ వాడుకను పెంచడానికి 1936లో బొంబాయిలో మొదటి ఇండియా కాఫీ హౌసును తెరచినది. తరువాతి కాలములో అవి అనేక నగరములకు విస్తరించినవి. 1950ల నడుమ కాఫీ బోర్డు వాటిని మూసివేయ సంకల్పించగా, ఉద్యోగములు పోనున్న పనివారు ఎ. కె. గోపాలన్ గారి ప్రోత్సాహముతో సహకార సంఘములుగా ఏర్పడి, 1957లో బెంగుళూరుతో ఆరంభించి, తామే వాటిని నడుపుకొన్నారు. ఆ కాఫీ గృహములలో కొన్ని నేటికీ నడుస్తున్నవి. కూర్చున్నవారికి కాఫీ అందించినవారే యజమానులైన కథ అది. కాని సాధారణముగా సర్వరునకు కుర్చీ లేదు. దుకాణములలో పని చేసేవారికి పని మధ్య కూర్చునే వీలు కల్పించవలెనని 2018లో కేరళ రాష్ట్రము, 2021లో తమిళనాడు చట్టములను సవరించినవి. బట్టల దుకాణములలో దినమంతా నిలబడిన స్త్రీల పోరాటము కేరళలో దానికి నాంది. మన కాలక్షేపము మరొకరి కాళ్ళ నొప్పి మీద నడుస్తున్నదని గుర్తించినవారు, లేచేటప్పుడు కుర్రవానికి నాలుగు రూపాయలు ఇచ్చి, ఒక మంచి మాట చెబుతారు. అది దానము కాదు. కుర్చీ అద్దెలో మిగిలిన బాకీ.

కాబట్టి కాఫీ హోటలులో కూర్చోవడము కొందరికి ఎందుకు ఇష్టము, కొందరికి ఎందుకు కాదు అనే ప్రశ్నకు మేము ఒక్క ముక్కలో సమాధానము చెప్పలేము. పంట కొందరిని కూర్చోబెడుతుంది, చెరువు కొందరిని లేవగొడుతుంది. పరామర్శ కొందరికి తీపి, కొందరికి చేదు. అయితే ఒక సంగతి మాత్రము రూఢిగా చెప్పగలము. లోపలికి వచ్చి కూర్చోవడానికి అడ్డు లేనివానికే "నాకు ఇష్టము లేదు" అనే మాట చెల్లుతుంది. మూడు గుక్కలలో కాఫీ ముగించి వెళ్ళిపోయే పెద్దమనిషికి ఆ స్వేచ్ఛ ఉన్నది. ఆయన వెళ్ళిపోవడము ఆయన ఇష్టము. గుమ్మములో నిలబడిన ఆ వృద్ధుని నిలబడడము ఇష్టము అవునో కాదో, ఆయన ఒక్కసారి లోపల కూర్చుంటే గాని ఆయనకే తెలియదు.

మేము మరల వెళ్ళిన నాడు ఆయన అక్కడనే ఉన్నాడు. ఈ మారు సర్వరు కుర్రవాడు మాటలాడలేదు. ఒక కుర్చీ తెచ్చి గుమ్మము లోపల, గోడ వారగా వేసి, కాఫీ దాని ప్రక్క బల్ల మీద పెట్టి వెళ్ళిపోయినాడు. ఆయన కొంతసేపు దానివంక చూచినాడు. పిదప తువ్వాలు సవరించుకొని, అంచున మాత్రమే కూర్చున్నాడు. కాఫీ చల్లారేవరకు లేవలేదు.